పేరు కొట్టిన సామాను

పాలకొల్లు బజారులో ‘గున్నేశ్వరరావు అండ్ సన్’ కొట్టుకి రెండు గుమ్మాలు. ఎడమ గుమ్మం వైపు స్టీలు బిందెలు, కంచాలు, గుండిగలు. కుడి గుమ్మం వైపు టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ మిషన్లు. మధ్యలో ఒకటే కౌంటరు, దాని వెనక ఒకటే కుర్చీ, ఆ కుర్చీలో వెంకటరత్నం. బిందె కోసం వచ్చినవాళ్ళకి ఎడమకి తిరిగి, గేమ్ కోసం వచ్చినవాళ్ళకి కుడికి తిరిగి, యాభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఎటు తిరిగినా మెడ పట్టేస్తోంది అతనికి.

ఆ రోజు ఏప్రిల్ పదకొండు. పొద్దున్న పదింటికే ఎండ కౌంటరు దాకా వచ్చేసింది. భీమవరంలో బ్యాంకు ఉద్యోగం చేసే ఉదయ్‌భాస్కర్ అనే ఆయన, పిల్లల పరీక్షలు అయిపోతున్నాయని, గేమ్ మిషను చూడ్డానికి వచ్చాడు. చూసిందల్లా ముట్టుకున్నాడు, ముట్టుకున్నదల్లా అటూ ఇటూ తిప్పాడు. చివరికి అందరూ అడిగేదే అడిగాడు.

“వీటిల్లో ఏది తీసుకోమంటారండి?”

వెంకటరత్నానికి ఈ జవాబు కంఠతా వచ్చు. ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు చెప్పాడో అతనికే తెలీదు. విన్నవాళ్ళలో సగంమంది ఇక్కడ కొనలేదన్న సంగతి మాత్రం బాగా తెలుసు. అయినా కుర్చీలోంచి లేచాడు.

“ఇదిగోనండి, ఈ పెద్దది యాభై అయిదు వేలు. దీనికి డిస్కు పెట్టుకునే చోటుంది. పక్కనున్నది దీని తమ్ముడే. లోపలంతా ఒకటేనండి, డిస్కు పెట్టే చోటు మాత్రం లేదు. పది వేలు తక్కువ. ఆ తెల్లది ఇంకో కంపెనీ వాళ్ళది. అది ఇంకా తక్కువలో వచ్చేస్తుంది. దానికీ డిస్కు లేదు. నెలనెలా డబ్బు కట్టుకుంటే వందల ఆటలు ఆడుకోవచ్చు.”

“అయితే ఆ తెల్లదే లాభం కదండీ?”

“కట్టినన్నాళ్ళూ లాభమేనండి. కట్టడం ఆపారా, ఆటలూ ఆగిపోతాయి. ఏ ఆట ఉంచుతారో, ఏది తీసేస్తారో అది కూడా వాళ్ళ ఇష్టం.”

“మరి ఈ పది వేలు తక్కువదో?”

“అందులో ఆటలు నెట్‌లో కొనుక్కోవాలండి. ఒక్కోటి నాలుగు వేలు, అయిదు వేలు. డిస్కు కొన్నా ఇంచుమించు అంతే, ఒక్కోసారి డిస్కే తక్కువకి దొరుకుతుంది. డిస్కయితే ఆడేశాక నాకే అమ్మెయ్యచ్చు. కొంత వేసి ఇంకోటి మార్చుకోవచ్చు. మీ బావమరిదికి ఇచ్చుకోవచ్చు. నెట్‌లో కొన్నది అమ్మడానికి లేదు, ఇవ్వడానికీ లేదు. నాలుగైదు ఆటలు మార్చుకునేసరికి మీకా పది వేలూ తిరిగొచ్చేస్తాయండి.”

“చేతిలో పట్టుకుని ఆడేది కూడా ఒకటుందంట?”

“ఉందండి, తెప్పించాలి. దానికి చిన్న కార్డులు. ఈమధ్య కొన్ని కార్డుల్లో ఆటే ఉండట్లేదు. తాళంచెవి లాంటిది ఒకటి ఉంటుంది, ఆట మళ్ళీ నెట్‌లోంచి దింపుకోవాలి.”

ఉదయ్‌భాస్కర్ నవ్వాడు. “అంటే డబ్బులిచ్చి కొన్నా మనది కాదంటారు!”

వెంకటరత్నం నవ్వలేదు. ఉదయ్‌భాస్కర్ మూడు పెట్టెలకీ ఫోటోలు తీసుకుని, ఇంట్లో మాట్లాడి వస్తానండి అని బయల్దేరాడు. మెట్లు దిగుతూనే ఫోనులో ఇంకెక్కడో ధర చూసుకుంటున్నాడు. వెంకటరత్నం ఆ పెట్టెల్ని మళ్ళీ వరసగా సర్దుకుని కూర్చున్నాడు.

ఇంత విడమరచి చెప్పే మనిషికి ఏడాది కిందట ఈ తెలివి ఏమైందని ఎవరైనా అడగచ్చు. అప్పుడు లేదు. ఈ తెలివి వచ్చి మూడు వారాలే అయింది, దానికి అతను కట్టిన ఖరీదు కొట్టులో ఏ మిషను ఖరీదు కన్నా ఎక్కువ.

ఆ సంగతి అర్థం కావాలంటే ముందు ఆ కొట్టు పద్ధతి తెలియాలి. వెంకటరత్నం తండ్రి గున్నేశ్వరరావు ఏ సామాను అమ్మినా పేరు కొట్టి ఇచ్చేవాడు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, చిన్న ఉలీ చిన్న సుత్తీ పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెడుతూ, బిందె మెడ కింద కొన్నవాళ్ళ పేరు, తారీఖు కొట్టేవాడు. దానికి పైసా తీసుకునేవాడు కాదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు తిరగేసి చూస్తే ఎవరి గిన్నె ఎవరిదో తేలిపోవాలి. పెళ్ళిలో పదిళ్ళ నుంచి తెచ్చిన పళ్ళేలు మళ్ళీ ఏ ఇంటివి ఆ ఇంటికే చేరాలి. అందుకే కొత్తకాపురం పెట్టేవాళ్ళు అటు నరసాపురం నుంచీ ఇటు ఆచంట నుంచీ వెతుక్కుంటూ ఆ కొట్టుకే వచ్చేవాళ్ళు.

కౌంటరు వెనక గోడ మీద ఆయన రాయించిన బోర్డు ఇప్పటికీ ఉంది. ‘పేరు కొట్టిన సామాను వెనక్కి తీసుకోబడదు.’ కొత్తవాళ్ళు అది కొట్టువాడి గడుసుతనం అనుకుంటారు. గున్నేశ్వరరావు దానికి చెప్పే అర్థం వేరు. “పేరు కొట్టాక నువ్వు తేకూడదు, నేను అడక్కూడదు. ఇంక అది నీది, అంతే” అనేవాడు. వెంకటరత్నం చిన్నప్పుడు ఆ మాట రోజుకి పదిసార్లు విన్నాడు. విని విని, అది ఎవరో చెప్పిన మాటలా కాక, ఎండ వేడి, నీళ్ళు చల్లన అన్నట్టు అలా ఉండిపోయింది అతనిలో.

టీవీ గేములు కొట్టులోకి తెచ్చింది వెంకటరత్నమే. అప్పట్లో నాలుగొందల రూపాయల మిషను, పసుపుపచ్చ క్యాసెట్లు. తరవాత డిస్కులొచ్చాయి. డిస్కూ యాభై రూపాయలూ తెచ్చి ఇస్తే ఇంకో డిస్కు పట్టుకెళ్ళచ్చని పెట్టాడు, కుర్రాళ్ళు సైకిళ్ళ మీద విరగబడ్డారు. తండ్రి ఒకటే అడిగాడు. “మరి వీటికి పేరు కొట్టవా?” ఉలీ సుత్తీ ప్లాస్టిక్కు మీద పనికిరావు. రాజమండ్రి వెళ్ళి కరెంటుతో నడిచే పెన్ను కొనుక్కొచ్చాడు వెంకటరత్నం. గుర్రుమంటూ వణికే ఆ పెన్నుతో మిషను అడుగున కొన్నవాళ్ళ పేరు, తారీఖు. మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. తరవాత వాళ్ళే, అంకుల్ పేరు మర్చిపోయారు అని వెనక్కి తెచ్చి మరీ కొట్టించుకున్నారు.

డిస్కు లేని మిషన్లు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. పది వేలు తక్కువ కాబట్టి పల్లెల నుంచి వచ్చేవాళ్ళు అవే అడిగేవాళ్ళు. అడిగేవాళ్ళేగానీ వాళ్ళకి నెట్‌లో కొనడానికి కార్డుండదు, ఈమెయిలుండదు, వంద జీబీ ఆట దింపుకునేంత నెట్టూ ఉండదు. వెంకటరత్నం దానికో ఉపాయం కనిపెట్టాడు. తన పేర ఒక అకౌంటు, భార్య ప్రసన్నలక్ష్మి పేర ఒకటి, బావమరిది పేర ఒకటి, పోయి తొమ్మిదేళ్ళయిన తండ్రి పేర ఒకటి తెరిచాడు. తండ్రి పుట్టిన తేదీ అడిగితే, శ్రీరామనవమి ముందు రోజు పుట్టారని అమ్మ చెప్పిన గుర్తుతో తోచిన తారీఖు ఒకటి వేశాడు. ఆ నాలుగు అకౌంట్లలో మంచి ఆటలు సొంత డబ్బుతో కొన్నాడు. కొట్టు నెట్ మీద ఆ ఆటల్ని పదకొండు మిషన్లలోకి ఎక్కించి, కొద్దిగా ఎక్కింపు కూలి తీసుకుని, అడుగున పేరు కొట్టి ఇచ్చేశాడు.

తప్పు చేస్తున్నానని అతనికి తోచలేదు. ఎలా తోస్తుంది? కొట్టు వెనక పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే గుండిగలు ఇరవై ఉన్నాయి. ఈ వారం ఒక ఇంట్లో పప్పు ఉడుకుతుంది, పై వారం ఇంకో ఇంట్లో పాయసం. డబ్బు పెట్టి కొనుక్కున్న గుండిగ ఎవరింటికి పంపితే ఎవరికేంటి? ఆటని కూడా అతను గుండిగే అనుకున్నాడు. గుండిగ చేసినవాడు వెనకాలే వచ్చి, ఎవరింట్లో వండుతున్నారో పొయ్యి దగ్గర నిలబడి చూస్తాడని ఎవరనుకుంటారు?

మార్చి ఇరవైన మెయిలొచ్చింది. నాలుగు అకౌంట్లూ ఒకే రోజు మూసేశారు. ఒకరి అకౌంటు ఇందరి ఇళ్ళలో వాడటం నిబంధనలకి విరుద్ధమట. మెయిలు అడుగున ఒక వాక్యం ఉంది. అది వెంకటరత్నం మూడుసార్లు చదివాడు. మీకు ఆటలు అమ్మలేదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చాం, ఆ అనుమతిని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం అని దాని సారాంశం. అతనికి కోపం రాలేదు. కోప్పడాలంటే ఎదురుగా ఒక మనిషుండాలి. ఇన్నేళ్ళ వ్యాపారంలో తను ఏం కొంటున్నాడో తెలియకుండా కొన్నది ఇదే మొదటిసారి. దాంతో ఒక అలసట ఆ రోజు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

మిషను నెట్‌కి తగిలించిన వాళ్ళకల్లా ఆటల మీద తాళం గుర్తులు పడటం మొదలైంది. ఫోన్లొచ్చాయి. వెంకటరత్నం అందరికీ ఒకటే చెప్పాడు. “కంపెనీ వాళ్ళు చేసిందండి, నేనేం చెయ్యను.” అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. కొందరు మళ్ళీ డబ్బులు పెట్టి సొంతంగా కొనుక్కున్నారు. ఒకాయన నానా మాటలూ అన్నాడు. పదిమంది ఫోన్లు చేశారు. పదకొండో మనిషి చెయ్యలేదు. ఆ మనిషి ఎప్పుడొస్తుందా అని వెంకటరత్నం మూడు వారాలుగా గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు.

ఉదయ్‌భాస్కర్ వెళ్ళిన అరగంటకి తలుపులమ్మ వచ్చింది. వెనక ఆమె కూతురు రమ్యశ్రీ. తలుపులమ్మది నరసాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లె. మొగుడు వీరబ్రహ్మం వేట బోటు మీద కూలికి వెళ్తాడు, ఆమె ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. చంకలో రొయ్యల మేత సంచి. సంచిలో పాత చీర, చీరలో చుట్టి గేమ్ మిషను.

“ఏమ్మా తలుపులమ్మా, ఎండన పడి వచ్చావు. ముందు మంచినీళ్ళు తాగు” అన్నాడు వెంకటరత్నం.

“తాగుతానండి. ముందు ఇది చూడండి రత్నంగారూ. మొన్న మా పెద్దన్న కొడుకు ఫోన్లోంచి నెట్ కలిపాడంటండి. అప్పట్నుంచీ అన్నిటి మీదా తాళంకప్ప బొమ్మ పడతంది. ఉప్పుగాలికి పాడైపోయిందేమోనని భయమేసింది.”

రమ్యశ్రీ మిషను తీసి కొట్టులో టీవీకి తగిలించింది. పాలిటెక్నిక్ చదువుతున్న పిల్ల, వైర్లు ఎవరినీ అడగలేదు. తెర మీద తొమ్మిది ఆటల బొమ్మలు, తొమ్మిదింటి మీదా తాళం.

“కంపెనీ వాళ్ళు...” అని మొదలుపెట్టాడు వెంకటరత్నం.

“అమ్మా, ఇది మన అకౌంటు కాదే” అంది రమ్యశ్రీ, తెర పైమూల చూస్తూ. “ఇక్కడ వేరే పేరుంది. గున్నేశ్వరరావు అని.”

తలుపులమ్మ తెర వంక చూసి, గోడ మీద దండ వేసిన ఫోటో వంక చూసింది. “పెద్దాయనా? పెద్దాయన పేరు మా మిషన్లో ఉండటమేంటండి?”

వెంకటరత్నానికి సిగ్గేసింది. తలుపులమ్మ పెళ్ళి సామానంతా పేర్లు కొట్టి ఇచ్చింది ఆ పెద్దాయనే. ఆమె తల్లి కాపురానికి వచ్చినప్పటి బిందెలూ ఆయన చేతివే. ఫోన్లో పదిమందికి చెప్పిన మాట ఈమె మొహం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు.

“తప్పు నాదేనమ్మా” అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అకౌంట్లు తను తెరవడం, ఆటలు తన డబ్బుతో కొనడం, అందరికీ ఎక్కించడం, వాళ్ళు మూసెయ్యడం. చెబుతుంటే తనకే వింతగా వినిపించింది.

తలుపులమ్మ అంతా విని, మిషను వైరు పీకి, తిరగేసింది. అడుగున వెంకటరత్నం కొట్టిన అక్షరాలు అలాగే ఉన్నాయి. తలుపులమ్మ, కింద పోయినేడాది ఏప్రిల్ తారీఖు. వేలితో ఆ పేరు తడిమింది.

“బయట నా పేరు కొట్టారు కదండీ?”

“కొట్టానమ్మా.”

“అంటే పెట్టె నాది, ఆటలు మీవి.”

“ఆటలు నావి కూడా కాదంటున్నారు.”

“మరెవరివండి?”

తలుపులమ్మ జవాబు కోసం ఆగలేదు. ఆమె తొందర ఆమెది.

“ఇంకో నాలుగు రోజులండి. పదిహేనో తారీఖు నుంచి వేట బంద్. రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మా మగాళ్ళు ఖాళీగా కూర్చుంటే ఏం చేస్తారో మీకు తెలియందేముంది. పోయినేడు మా పాకలో టీవీ పెట్టి, నాలుగు కుర్చీలేసి, గంటకింతని ఆడించాను. మా ఆయన కూడా సీసా జోలికెళ్ళకుండా అక్కడే కూర్చునేవాడు. ఆ రెండు నెలలూ మా పొయ్యి వెలిగింది దీని మీదేనండి. ఈయేడు కూడా అందరికీ చెప్పేసుకున్నాను. ఇప్పుడు తాళాలు పడ్డాయంటే ఎలాగండి?”

ఆమె అరవలేదు. తగాదాకి వచ్చిన మనిషి కాదు. కొట్టుకి వస్తే బాగుచేసి ఇస్తారన్న నమ్మకంతో రెండు బస్సులు మారి వచ్చింది. వెంకటరత్నానికి అదే కష్టంగా ఉంది.

స్టీలు సామాన్ల వైపు నుంచి ప్రసన్నలక్ష్మి పిలిచింది. “ఏవండీ, ఒకసారి ఇటు రండి.” అతను వెళ్తే, కంచాల బొత్తి వెనక నిలబడి గొంతు తగ్గించి అంది. “ఈమె ఒక్కర్తికి ఇస్తే మిగతా పదిమందీ రేపు గుమ్మంలో ఉంటారు. పదకొండు మిషన్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? మనం ఏం తిని బతకాలి?”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పండి ఆవిడకి.”

“చెప్పలేనే. నావల్ల కాదు.”

ప్రసన్నలక్ష్మి చెడ్డమనిషి కాదు. ముప్ఫై రెండేళ్ళుగా ఈ కొట్టుని నెట్టుకొస్తున్నది ఆమె. మొగుడు చెప్పలేని మాట చెప్పడం కూడా ఆమె పనే అయిపోయింది ఎప్పుడో. కౌంటరు దగ్గరికి వచ్చి మెల్లిగానే చెప్పింది.

“పేరు కొట్టేసిన సామాను కదమ్మా. మా కొట్లో అది వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. నీకు తెలియంది కాదు.”

తలుపులమ్మ తలెత్తి బోర్డు చూసింది. ఐదో తరగతి దాకా చదువుకుంది, ఆ మాటలు చదవగలదు. “అవునండి. తెలుసండి” అంది. అని, మిషనుని మళ్ళీ పాత చీరలో చుట్టడం మొదలుపెట్టింది. ఆ బోర్డు మీద ఆమెకి వెంకటరత్నానికున్నంత గౌరవం ఉంది.

ఫోన్లో నానా మాటలూ అన్న ఆయనకి వెంకటరత్నం తడబడకుండానే జవాబు చెప్పాడు. చీర మడతలు జాగ్రత్తగా సర్దుకుంటున్న ఈ మనిషిని మాత్రం చూడలేకపోయాడు. నువ్వు తేకూడదు, నేను అడక్కూడదు అన్నాడు తండ్రి. ఈమె ఆటలు వెనక్కి తేలేదు, తను అడగలేదు. అయినా ఎవరో వచ్చి పట్టుకుపోయారు. తండ్రి పేరు మీదే పట్టుకుపోయారు. ఆ బోర్డు ఇప్పుడు ఎవరిని కాపాడుతోందో ఆలోచిస్తే అతనికి నీరసం ముంచుకొచ్చింది.

“ఉంచమ్మా” అన్నాడు. “ఆ చీర విప్పు.”

కౌంటరు పక్కన అద్దాల బీరువా ఉంది. దాని తాళం వెంకటరత్నం జేబులోనే ఉంటుంది. అందులో పదేళ్ళ కిందటి నల్ల మిషను, పక్కన నలభై రెండు డిస్కులు. మార్పిడి వ్యాపారం పడిపోయాక మిగిలిన వాటిలో గీతలు పడనివి ఏరి దాచుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి బజారు మాటుమణిగాక, షట్టరు సగం దించి, ఒక్కడూ కూర్చుని క్రికెట్ ఆట ఆడుకుంటాడు. ఆ ముప్పావుగంట అతన్ని ఎవరూ ఏమీ అడగరు. రోజులో అతనిది అనుకునేది ఆ ముప్పావుగంటే. ప్రసన్నలక్ష్మికి తెలుసు, అందుకే ఆ వేళప్పుడు మేడ మీద ఇంట్లోంచి కిందికి దిగదు.

బీరువా తాళం తీసి ఆ మిషను బయట పెట్టాడు.

“ఇది పాతది. బొమ్మ ఆ కొత్తదానంత బాగుండదు. కానీ ఈ డిస్కుల్లో ఆట మొత్తం ఉంది. ఫుట్‌బాలు, కార్లు, కుస్తీ, క్రికెట్టు, అన్నీ ఉన్నాయి. రమ్యా, ఆ నెట్ వైరు పీకెయ్యమ్మా. పీకేసి ఒక డిస్కు పెట్టి చూడు.”

రమ్యశ్రీ వైరు పీకి, కార్ల డిస్కు పెట్టింది. మిషను కాసేపు గరగరమంది. కార్లు వచ్చాయి. పేరు అడగలేదు, మెయిలు అడగలేదు, ఎవరింట్లో ఉన్నావని అడగలేదు. రమ్యశ్రీ రెండు మలుపులు తిప్పి, తల్లి వైపు చూసి తల ఊపింది.

“మన పాకలో ఆడుతుందా?” అంది తలుపులమ్మ.

“కరెంటుంటే చాలమ్మా. నెట్ అక్కర్లేదు” అంది రమ్యశ్రీ.

తలుపులమ్మ మొహంలో బరువు దిగింది. కొంగుతో మెడ తుడుచుకుని, అప్పుడు మంచినీళ్ళు తాగింది. “దీనికి ఎంత ఇమ్మంటారండి?”

“ఏం ఇవ్వక్కర్లేదు. నీ మిషను ఇక్కడ వదిలెయ్. దానికీ దీనికీ చెల్లు.”

“మీరు ఆడుకునేది కదండీ ఇది? అద్దాల్లో పెట్టి దాచుకున్నారు.”

“ఎన్నాళ్ళు ఆడతానమ్మా. కళ్ళు కూడా లాగుతున్నాయి” అన్నాడు. కళ్ళు లాగడం లేదు.

ప్రసన్నలక్ష్మి ఎడమ వైపు వెళ్ళిపోయి, సర్ది ఉన్న గ్లాసుల్నే మళ్ళీ సర్దింది. చప్పుడు కొంచెం గట్టిగానే చేసింది. పదిమంది గురించి వెంకటరత్నం అప్పుడే ఆలోచిస్తున్నాడు. ఇలాంటి పాత మిషను ఇంకోటి లేదు. వాళ్ళకి ఏం చెప్పాలో, ఎవరికి ఎంత సర్దాలో, అది నెలలు పట్టే పని. అయినా నిజం ఒకసారి నోటంట వచ్చేసింది కాబట్టి ఇంక ఫోన్లో ఆ పాత మాట చెప్పలేనని అతనికి తెలిసిపోయింది. అలసట పెరిగిందేగానీ తగ్గలేదు, కాకపోతే ఇది తనకి అలవాటైన అలసట.

డిస్కులన్నీ లెక్కపెట్టి అట్టపెట్టెలో పేర్చాడు. క్రికెట్ డిస్కు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది కూడా పెట్టెలో వేశాడు. తరవాత సొరుగు లాగి కరెంటు పెన్ను తీసి, ప్లగ్గులో పెట్టాడు. అది గుర్రుమంది. నల్ల మిషనుని తిరగేసి, అడుగున గుడ్డతో తుడిచి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకున్నాడు.

“రెండు నిమిషాలు. పేరు కొట్టేసి ఇస్తాను. నీ పేరే కొట్టనా, అమ్మాయి పేరు కూడా కలపనా?”

తలుపులమ్మ చెయ్యి జాపి మిషను మీద పెట్టింది. సరిగ్గా పేరు కొట్టే చోట.

“వద్దండి.”

“ఏమ్మా?”

“పేరు కొట్టకండి రత్నంగారూ. ఇది కూడా ఎప్పుడైనా వెనక్కి తేవాల్సొస్తే? పేరుంటే మీరు తీసుకోవడానికుండదు కదండీ. మళ్ళీ అమ్మగారితో మీకు మాటొస్తుంది.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే వెంకటరత్నం తట్టుకునేవాడు. ఆమె అతని ఇబ్బంది తలుచుకునే అంది. పక్కన రమ్యశ్రీ అట్టపెట్టెకి తాడు కట్టేసింది. నరసాపురం బస్సుకి టైమైపోతోందని తల్లిని తొందరపెట్టింది. తలుపులమ్మ నల్ల మిషనుని పాత చీరలో చుట్టి, మేత సంచిలో పెట్టుకుని, వస్తానండి, వస్తానమ్మగారూ అని ఇద్దరికీ వేరువేరుగా చెప్పి మెట్లు దిగింది.

వెంకటరత్నం చేతిలో పెన్ను ఇంకా వణుకుతూనే ఉంది. స్విచ్చి కట్టేశాడు. కౌంటరు మీద తాళాలు పడ్డ మిషను మిగిలింది, అడుగున తలుపులమ్మ పేరుతో. దాన్ని ఎవరూ కొనరు. గుడ్డ కప్పి కౌంటరు కింద పెట్టాడు. ఎండలో తల్లీకూతుళ్ళు బజారు మలుపు దాకా కనిపించారు, ఒకరి చంకలో సంచి, ఒకరి నెత్తి మీద అట్టపెట్టె. తలుపులమ్మ తల్లి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంటికి ఈ కొట్టు నుంచి వెళ్ళిన సామానులో, పేరు లేకుండా వెళ్ళింది అదొక్కటే.